వెనక నిలబడి చూసినవాడు

గజేందర్ పనిచేసే కంపెనీలో పెద్ద డేటా సెంటర్ ఉంది. దాని తలుపు తీసే కార్డు మాత్రం గజేందర్‌కు లేదు. తెర మీద ఆకుపచ్చ చుక్కలు ఎర్రబడతాయేమో చూడటం, ఎర్రబడితే కార్డు ఉన్నవాళ్లకు ఫోన్ చేయడం, ఏళ్లుగా అదే అతని ఉద్యోగం. అందుకే కర్మన్‌ఘాట్‌లోని కిరాయి ఇంట్లో, బట్టలు ఆరేసుకునే చిన్న గదిలో, ఒక పాత సర్వర్ తెచ్చి పెట్టుకున్నాడు. కంపెనీల్లో బీరువాల నిండా ఉండే, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఆ ఒక్క డబ్బాలో సాఫ్ట్‌వేర్‌గా నడుస్తాయి. వైర్లుండవు. తెర మీద గీత గీస్తే ఈ స్విచ్ ఆ స్విచ్‌తో కలిసినట్టే. ఆఫీసులో ముట్టనివ్వనివన్నీ ఇక్కడ అతని సొంతం.

కింది పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరు శేషారత్నం గారికి ఆ ఫ్యాను రొద పడేది కాదు. "ఏం బాబూ, పైన పిండిమర గానీ పెట్టావా?" అనేవారు.

అతని భార్య పద్మలతదీ బీటెక్కే. పెళ్లికి ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నుంచి, నెట్‌వర్కింగ్ కోర్సులో చేరమని రోజంతా జనానికి ఫోన్లు చేసేది. అలాంటి ఫోన్ ఒకటి అందుకునే గజేందర్ కోర్సులో చేరాడు. కోర్సుతో పాటు పిల్ల ఫ్రీ అని దోస్తులు ఇప్పటికీ అంటారు. పాప బడికి పోవడం మొదలయ్యాక ఆమె, "పొద్దంత ఖాళీగనే ఉంటది గదా నీ డబ్బా, నేను గూడ జర నేర్చుకుంట" అంది. నేర్పడమంటే గజేందర్‌కు ఇష్టమే. కొన్నాళ్లు అతను చెబితే ఆమె విన్నది. తర్వాత ప్రశ్నలు వేసింది. ఆ తర్వాత ప్రశ్నలు వేయడం మానేసింది. అక్కడే అతనికి ముల్లు దిగింది.

రెండు స్విచ్‌లను జత కట్టి, కింద ఉన్న మెషీన్లకు అవి రెండూ ఒక్కటే అనిపించేలా చేయాలి. గజేందర్ దసరా నుంచి దానితో కుస్తీ పడుతున్నాడు. ఒకటి ఒప్పుకుంటే రెండోది అలిగేది. ఒకనాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి పద్మలత జత కట్టేసి కూర్చుంది. తెర మీద ఒకదాని గీతలు చెరిపి చూపించింది. బరువంతా రెండోది మోసింది.

"ఎట్ల చేసినవ్?"

"ఏమో, చదివిన, చేసిన. అయ్యింది."

ఆ 'ఏమో'తో ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు.

సర్వర్‌లో మెమరీ ఒకరి స్విచ్‌లకే చాలుతుంది. ఆమెవి నడవాలంటే అతనివి ఉన్నవి ఉన్నట్టు నిద్రపుచ్చాలి. మొదట్లో "నీవి పండవెట్టాల్నా?" అని అడిగేది. ఇప్పుడు అతను వచ్చేసరికే అవి నిద్రలో ఉంటున్నాయి. కుర్చీ కూడా ఆమె ఎత్తుకు దిగి ఉంటోంది. పులి మీద పుట్రలా శేషారత్నం గారు ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "మీ ఆవిడ మా వైఫై చిటికెలో బాగుచేసేసిందయ్యా! నువ్వు చూస్తాను చూస్తానని ఉగాది దాటించేశావు" అన్నారు. గజేందర్ నవ్వాడు. పైమెట్టు చేరేలోపే ఆ నవ్వు ఆరిపోయింది.

అంతలో ఒక కంపెనీ పద్మలతను ఇంటర్వ్యూకు పిలిచింది. డేటా సెంటర్ ఉద్యోగమే. ఇంట్లోంచే తన స్విచ్‌ల ల్యాబ్‌ను తెర మీద నడిపి చూపించాలి. అలాంటి ఉద్యోగాలకు గజేందర్ ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఒక్క పిలుపూ రాలేదు.

ముందురోజు సాయంత్రం, "తప్పులేమన్న ఉన్నయేమో జర చూడు" అంది. గజేందర్ కుర్చీ వెనక నిలబడి, స్విచ్‌లలో ఆమె రాసిన కమాండ్లు మొత్తం చదివాడు. ఒకే ఒక్క లైను తక్కువైంది. ఈ స్విచ్‌లు మొదటిసారి వాటంతటవే లేస్తాయి. ఆరిపోయి మళ్లీ లేవాలంటే ఏ ఫైలుతో మొదలుకావాలో ముందే రాసిపెట్టాలి. లేకపోతే తెర మీద 'లోడర్' అన్న మాట దగ్గర మొండికేస్తాయి. ఆ సంగతి తెలియని రోజుల్లో గజేందర్ సర్వర్ అమ్మినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. పద్మలత తన స్విచ్‌లను నిద్రపుచ్చిందే తప్ప ఎన్నడూ ఆర్పలేదు, కాబట్టి ఆ లైను అవసరం ఆమెకు రాలేదు.

"మంచిగుంది" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

అబద్ధమేమీ కాదనుకున్నాడు. కరెంటు పోనంతసేపు మంచిగానే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్ వైపు కరెంటు పోయి వచ్చింది. ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ ఈమధ్యే చచ్చిపోయింది. ఆఫీసులో గజేందర్ ఫోన్ మోగింది.

"అన్ని లోడర్ అని ఆగినయ్. ఇంక గంటల ఇంటర్వ్యూ. నాకేం సమజైతలేదు!"

ముందుగా అతని నాలుక మీదికి ఒక తీపి వచ్చింది. ఎన్నాళ్లకు అడిగింది! 'ఏమో' అంటే సరిపోతుంది, అచ్చం ఆమె అన్నట్టే. చెబితే నిన్న చూసి ఊరుకున్నాడని బయటపడుతుంది. చెప్పకపోతే ఏ పాపమూ అంటదు.

"ఉన్నవా? మాట్లాడవేంది?" అతను ఆ గొంతు అలా విన్నది పాపకు జ్వరం వచ్చి దవాఖానలో ఉన్నప్పుడే.

"ఉన్న. చెప్త, విను. డిర్ అని కొట్టు, ఫైలు పేరొస్తది. బూట్ అని కొట్టి గా పేరు రాయి. లేసినంక గదే పేరుతోని బూట్ లైను రాసి సేవ్ చెయ్. ఒక్కొక్కటే లేపు, అన్ని ఒక్కపారి లేపితే డబ్బా మొయ్యది."

ఫోన్ పెట్టలేదు. "లేసింది" అంది ఆమె కాసేపటికి. మళ్లీ, "ఇంకోటి లేసింది." లేచినదల్లా అతని గుండె మీది బరువు దించింది, దించుతూ కొంచెం గీరింది కూడా.

సాయంత్రం కొత్తపేటలో మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇల్లు చేరాడు.

"సోమవారం ఆఫీసుకు రమ్మన్నరు" అంది పద్మలత పొట్లం అందుకుంటూ. ముఖంలో నవ్వు లేదు. "నిన్న ఎనక నిలబడి మొత్తం చదివినవ్ గదా?"

"చదివిన."

"గా లైను లేదని కనబడ్డదా?"

అతను నూనె తేలిన పొట్లం వంక చూశాడు. "కనబడ్డది."

"జర్రంత కుళ్లు అందరికుంటది. నీకు కోర్సు సర్టిఫికెట్ వచ్చిననాడు నాక్కూడ ఉండె. గని కరెంటు పోయేదాంక ఆగుతవా?"

పొట్లం పట్టుకుని వంటింటి వైపు తిరిగింది. "పో, నావి పండవెట్టిన. నీవి లేపుకో."

గదిలోకి పోయి కుర్చీ పైకి లేపుకున్నాడు. స్విచ్‌లు మేలుకున్నాయి. జత కట్టలేదు. వంటింట్లో ఆమె వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. 'సోమవారం' అన్న మాట వినబడ్డప్పుడల్లా అతని వేళ్లు ఆగిపోతున్నాయి. ఆమె ఇంట్లో లేనప్పుడు ఆమె జత తెరిచి చూసి రాసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు ఉంది కూడా.

"పద్మా!"

"ఏంది?"

"జర ఇటొస్తవా? నా జత కడ్తలేదు."

సగం కొరికిన బజ్జీ చేత పట్టుకుని వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"చూస్త గని, చూసింది చూసినట్టు చెప్త. నీ లెక్క మంచిగుంది అని పోను. మల్ల మొఖం మాడ్చుకోవద్దు."

"మాడ్చుకోను" అన్నాడు గజేందర్, అప్పటికే మాడ్చుకుంటూ.