గొర్రెలు లేవని చెప్పాను

జ్వరం గురించి రాయడానికి ఏముంటుందని మా క్లాసులో ఒకరు అడిగారు. నిజమే, జ్వరం రానివాళ్లు ఎవరు? కానీ నాకు వచ్చిన జ్వరం పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ జ్వరాన్ని తెచ్చే జీవాలు మాత్రం రెండిళ్లకు ఒక ఇంట్లో ఉన్నాయి. అర్ధవీడు, గిద్దలూరు, వెలిగండ్ల వైపు అలాంటి ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలు నాలాగే ఇప్పుడు పట్నాల్లో గదులు తీసుకుని చదువుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరికి ఉపయోగపడినా చాలు. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో జబ్బు కంటే నేను చేసిన తప్పు పెద్దది. రాసి పెట్టకపోతే కొన్నాళ్లకు దాన్ని నేనే చిన్నది చేసుకుంటాను.

నేను మార్కాపురంలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. మా ఊరు అర్ధవీడు మండలంలో, అడవికి దగ్గర. కాలేజీకి నడిచి పోయే దూరంలో సలోమి, నేను ఒక గది తీసుకున్నాం. సలోమిది వెలిగండ్ల దగ్గర పల్లె. నాకంటే ఏడాది చిన్నది, అక్కా అని పిలుస్తుంది. పొద్దున కుక్కర్లో అన్నం ఒకరు పెడితే కూర ఒకరు చేయాలి. కూర వంతు వచ్చిన రోజు సలోమి వాళ్ల అమ్మ పెట్టిన పచ్చడి జాడీ దించి "ఈ రోజుకు ఇదే కూర" అనేది. తాగే నీళ్ల క్యాను ఇద్దరం చెరో చేయి వేసి మేడ మీదికి మోసేవాళ్లం. క్లాసులు అయ్యాక సలోమి గదికి పోయేది, నేను గ్రంథాలయానికి పోయేదాన్ని.

గ్రంథాలయం గురించి కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. మా ఇంట్లో నాకంటే ముందు పుస్తకం పట్టినవాళ్లు లేరు. కంభంలో ఇంటర్ చదివేటప్పుడు బస్సు వచ్చేదాకా శాఖా గ్రంథాలయంలో కూర్చోవడం అలవాటైంది. చరిత్ర, నవలలు, విజ్ఞానం, వైద్యం, బీరువా తర్వాత బీరువా చదువుతూ పోయాను. నాకు చెప్పేవాళ్లు లేరు, నేనే చదువుకున్నాను. ఆ చదువే నాకు మాట తీరు ఇచ్చింది. నలుగురిలో నిలబడి మాట్లాడగలను అనే ధైర్యం ఇచ్చింది.

డిసెంబరులో ఒక సోమవారం క్లాసులో నా సెమినార్ ఉంది. బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే నడుము కింద ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్టు అనిపించింది. తర్వాత చలి. ఫ్యాను ఆపమంటే అందరూ నవ్వారు, అది ఆపే ఉంది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. తెల్లారేసరికి దుప్పటి తడిసి ముద్దయింది, జ్వరం లేదు. మళ్లీ సాయంత్రం వచ్చింది. ఆ వారమంతా ఇదే వరస.

మొదట వీధి చివర క్లినిక్‌కి పోయాం. వైడాల్ టెస్ట్ చేసి టైఫాయిడ్ అన్నారు. మందులు వేసుకుంటే తగ్గింది. పది రోజులకు మళ్లీ మొదలైంది. ఈసారి మోకాళ్లు, వేళ్ల కణుపులు కూడా నొప్పి. నీళ్ల క్యాను సలోమి ఒక్కతే మోసింది.

గ్రంథాలయంలో వైద్యం బీరువా ముందు కూర్చుని నా జబ్బేదో నేనే వెతుక్కున్నాను. సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం. టీబీ అని తేల్చుకున్నాను. భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే, కనిపెట్టానని కొంచెం సంతోషం కూడా కలిగింది.

జనవరిలో సలోమి నన్ను పెద్ద డాక్టర్ రంగనాయకులు గారి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నిదానంగా అడిగే మనిషి. నేను ఏ రోజు ఎంత జ్వరం వచ్చిందో, ఎక్కడ నొప్పో, పుస్తకంలో చదివిన మాటలతో వరసగా చెప్పాను. ఆయన నవ్వి, "నేను అడిగే పని లేకుండా చెప్తున్నావే" అన్నారు. తర్వాత నాయన ఏం చేస్తాడని అడిగారు. వ్యాపారం అన్నాను. "ఇంట్లో పశువులు, గొర్రెలు, మేకలు ఏమైనా ఉన్నాయా అమ్మా? పచ్చిపాలు తాగడం, ఈతలప్పుడు చేయి పెట్టడం లాంటివి?"

"లేవు సార్" అన్నాను.

ఆయన కాగితం మీద రాసుకున్నారు. అంత వివరంగా మాట్లాడే పిల్ల ఇందులో అబద్ధం చెబుతుందని ఆయనెందుకు అనుకుంటారు?

ఎందుకు చెప్పానో రాయాలి. డిగ్రీ చదివేటప్పుడు గిద్దలూరు హాస్టల్లో ఒక అమ్మాయి నా సంచి తెరిచి ముక్కు మూసుకుని, "మందనంతా సంచిలో ఏసుకొచ్చినావా ఏంది?" అంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరు అడిగినా మా నాయనది వ్యాపారమే. మార్కాపురంలో సలోమికి కూడా అదే చెప్పాను. ఆ రోజు సలోమి నా పక్క కుర్చీలోనే ఉంది.

నిజానికి నవంబరులో వారం రోజులు ఇంటికి పోయినప్పుడు మా మందలో మూడు గొర్రెలు ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయాయి. నాలుగోది ఈనలేక కొట్టుకుంటుంటే నాయన పట్టుకున్నాడు, నా చేతులు సన్నం కాబట్టి నేనే పిల్లను లాగాను. మాయ కూడా వట్టి చేతులతోనే తీసి పారేశాను. చిన్నప్పటి నుంచి చేసే పనే.

ఛాతీ ఎక్స్‌రే తీశారు, ఈఎస్ఆర్ ఎక్కువగా ఉంది. కఫం పరీక్షలో టీబీ రాలేదు. "ఇంకా కొన్ని చూడాలి, తొందరపడి మందులు మొదలుపెట్టను" అన్నారు డాక్టర్ గారు. అలా చూస్తూ చూస్తూ నెల పైన గడిచింది. సెమిస్టర్ పరీక్షలకు రెండు పేపర్లు రాసి మూడోదానికి కూర్చోలేకపోయాను. బెంచీ మీద గంట కూర్చుంటే నడుము పగిలిపోయేది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు జ్వరం సంగతి సగం చెప్పేదాన్ని. నాయన గొంతు నీరసంగా వినిపించేది. అడిగితే, "గొర్రెల ఎనక తిరిగేటోడికి నడుం నొప్పి గాక ఇంకేముంటది" అనేవాడు. నాకూ అదే నొప్పి. ఆ రెండు నొప్పులూ ఒకటేమో అనే ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఫిబ్రవరి చివర సలోమి ఇక ఊరుకోలేదు. నన్ను ఒక్కదాన్నే బస్సు ఎక్కించడం కుదరదని మా ఊరికి తోడు వచ్చింది. ఇంటి ముందు ఆటో దిగేసరికి దొడ్డి నిండా గొర్రెలు. మధ్యాహ్నం పూట అవి దొడ్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. లోపల మంచం మీద నాయన పడుకుని ఉన్నాడు. పగలు ఆయన పడుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ చెప్పింది: "రెండు నెల్ల నుంచి ఇంతే. పొద్దు గూకితే జరం. నీకు పరీచ్చలని చెప్పనీలేదు."

సలోమి దొడ్డి దగ్గరికి పోయి గొర్రెలను చూసి వచ్చింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"సార్ అడిగితే లేవంటివి గదా అక్కా?"

హాస్టల్లో నవ్వారని గొణిగాను.

"మా అమ్మ మిరపకాయ కోతకు కూలికి పోతాదని క్లాసులో అందరికీ తెలుసు. నేనేమన్నా సచ్చిపోయినానా? ఇన్ని పుస్తకాలు చదివి ఏం నేర్చుకున్నట్టు నువ్వు? రేపు మొదటి బస్సుకు మీ నాయన్ని కూడా తీస్కపోదాం."

మరుసటి రోజు ముగ్గురం డాక్టర్ గారి ముందు కూర్చున్నాం. నాయన నడుము వంచలేక కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన పని ఏమిటని డాక్టర్ గారు అడిగితే నేను గొర్రెలు కాస్తాడని చెప్పాను. డాక్టర్ గారు నా పాత కాగితం తీశారు. "ఇక్కడ లేవని రాసుకున్నానే. నువ్వే చెప్పావు కదమ్మా?"

నాయన నా మొహం వంక ఒక్కసారి చూశాడు. వెంటనే డాక్టర్ గారి వైపు తిరిగాడు.

"మొన్న మొన్ననే తెచ్చుకున్యాం సారూ. పాప ఊళ్లో ల్యాకపాయె. పాపకు తెలీదు."

డాక్టర్ గారు తల ఊపారు. "అట్లయితే నీ జ్వరం అంతకుముందే మొదలైంది. దానికీ వీటికీ సంబంధం ఉండదు" అంటూ పెన్ను తీసుకున్నారు. ఆ పెన్ను కదులుతుంటే నాకు అర్థమైంది, ఈ అబద్ధం కూడా కాగితం మీదికి ఎక్కితే ఇక మా ఇద్దరినీ ఎవరూ కాపాడలేరని.

"కాదు సార్. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి. సిగ్గుపడి లేవని చెప్పాను." నవంబరులో ఈసుకుపోయిన గొర్రెల సంగతి, వట్టి చేతులతో పిల్లను లాగిన సంగతి అన్నీ చెప్పాను.

డాక్టర్ గారు కోప్పడలేదు. "ఆ రోజు ఈ మాట చెప్పి ఉంటే ఆ రోజే ఈ బ్లడ్ టెస్ట్ రాసేవాడిని. ఇంట్లో ఇంకెవరికి జ్వరం ఉందని కూడా అడిగేవాడిని" అన్నారు. ఆ రెండో వాక్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. బ్రూసెల్లోసిస్, గొర్రెలు, పశువుల నుంచి మనుషులకు అంటే జ్వరం. నాకు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు ఇచ్చారు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. కడుపులో తిప్పేది. నాలుగో వారానికి జ్వరం, నొప్పులు పోయి మామూలు మనిషినయ్యాను. మందులు ఆపేస్తానని అడిగితే డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. "ఇది దాక్కునే జబ్బు. కోర్స్ ఆపితే రిలాప్స్ అవుతుంది." ఆపలేదు.

నాయనకు అంత తేలిగ్గా పోలేదు. ఒంగోలులో ఎంఆర్ఐ తీశారు. వెన్నులో రెండు పూసల మధ్య డిస్క్ చెడిపోయింది, పూసల అంచులు కూడా దెబ్బతిన్నాయి. మూడు వారాలు ఇంజెక్షన్లు, నెలల తరబడి మాత్రలు, నడుముకు బెల్టు. మధ్యలో ఎడమ కాలు మొద్దుబారి పది రోజులు నిలబడలేకపోయాడు. అక్కడి డాక్టరమ్మ ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూపించారు. "మొదట్లో వచ్చి ఉంటే మందులతోనే మొత్తం పోయేదేమో. ఇప్పుడు ఇన్ఫెక్షన్ పోతుంది. ఎముక మాత్రం మునుపటిలా కాదు."

ఆ రోజుల్లోనే ఒకసారి మార్కాపురం గ్రంథాలయానికి పోయాను. కిటికీ పక్కన పశుపోషణ బీరువా ఉంది. అప్పటిదాకా నేను తెరవనిది అదొక్కటే. అక్కడ నిలబడితే ఎవరైనా చూస్తారని. అందులో ఒక పలచని పుస్తకంలో గొర్రెలు ఈసుకుపోయే రోగం గురించి రెండు పేజీలు ఉన్నాయి. మాయ తీసేవాళ్లకు జ్వరం, నడుము నొప్పి వస్తాయని, చేతికి తొడుగు వేసుకోవాలని, పాలు కాచి తాగాలని తెలుగులో స్పష్టంగా రాసి ఉంది. చదివాను అని చెప్పుకునే నా గర్వం ఆ రోజు కొంత తగ్గింది.

ఇప్పుడు నాకు జ్వరం లేదు. మిగిలిన పేపర్లు రాశాను, చివరి సెమిస్టర్ నడుస్తోంది. పశువుల డాక్టర్ వచ్చి మందకంతా రక్తపరీక్ష చేసి రోగమున్న వాటిని వేరు చేయించారు. మిగతావి మా మేనమామ తోలుకుపోయాడు, నాయన ఇక వాటి వెంట నడవలేడు కాబట్టి. చేతికర్రతో వీధి చివరి దాకా పోయి వస్తాడు. సాయంత్రం మామ మందను మా ఇంటి ముందు నుంచి తోలుకు వస్తుంటే గడప మీద నిటారుగా కూర్చుంటాడు. ఏది కుంటుతోందో, ఏది మేత సరిగా తినలేదో కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తాడు. మంద పోయాక చాలాసేపు అట్లాగే ఉంటాడు. నేను ఇంట్లో ఉంటే ఆ సమయానికి ఏదో ఒక పని కల్పించుకుంటాను.

డాక్టర్ గారి ముందు నువ్వెందుకు అబద్ధం చెప్పావని ఒక్కసారి అడిగాను. "నువ్వు ముందే లేవంటివి. నేను ఉండాయంటే అంత పెద్దాయన ముందర నీ మర్యాద ఏంగాను?" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి తిట్టి ఉంటే బాగుండేదని అనుకుంటాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వారం దాటినా జ్వరం పోకపోతే, డాక్టర్ దగ్గర కూర్చోగానే, ఆయన అడగకముందే మీ ఇంట్లో ఏం పని చేస్తారో, ఏ జీవాలు ఉన్నాయో, మీ చేతులు వేటిని ముట్టాయో చెప్పండి. నొప్పుల సంగతి తర్వాత చెప్పవచ్చు.

నన్ను మోసిన సలోమికి, దాచకుండా ఆ రెండో వాక్యం చెప్పిన డాక్టర్ రంగనాయకులు గారికి, ఇంజెక్షన్ వేసే ముందు ప్రతిసారీ నాయనతో కబుర్లు చెప్పిన నర్సు మేరీ గారికి, ఆ పలచని పుస్తకాన్ని గడువు దాటినా అడగని గ్రంథపాలకులు మస్తాన్ గారికి, మందను తన మందలో కలుపుకున్న మా మామ ఓబులేసుకు, ఇద్దరు రోగులకు ఒక్క చేత్తో వండిపెట్టిన మా అమ్మ నారాయణమ్మకు నా నమస్కారాలు.

మా నాయన పేరు చెన్నయ్య. నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. ఈ మాట నేను మొదటి రోజే చెప్పాల్సింది.