ఘాట్‌రోడ్డు మీద తొలి మోటారు

పంతొమ్మిది వందల ఇరవైల్లో అరకు కొండల మీదికి రోడ్డు వేస్తున్నారు. మా ఆయన, పక్కింటి రాజమ్మ భర్త ఒకేసారి ఓవర్సీర్లుగా చేరారు. ఆ పై సూపర్‌వైజరు ఉద్యోగం మాత్రం రాజమ్మ భర్తకే వచ్చింది. కొత్త రోడ్డెక్కిన తొలి మోటారులో రాజమ్మ దర్జాగా కూర్చుంటే నా కడుపు రగిలిపోయింది.

"నువ్వూ రా వదినా, బేగి ఎక్కు!" అని పిలిచింది. మూతి ముడుచుకునే ఎక్కాను.

మలుపు దగ్గర ఎత్తు ఎక్కలేక మోటారు లోయవైపు వెనక్కి జారింది. "సచ్చిపోతన్నాం వదినా!" అంటూ రాజమ్మ నన్ను వాటేసుకుంది. నేనూ ఆమెనే గట్టిగా పట్టుకున్నాను. నత్తనడకన ఎక్కుతున్న మోటారు వెనకే నడిచి వస్తున్న మా ఆయన పరుగున వచ్చి, చక్రం కింద బండరాయి తోసి ఆపారు.

దిగాక రాజమ్మ ఏడుస్తూ, "అన్నయ్య నేకపోతే మనం బతికుండేవోళ్లం కాదు వదినా. ఆ పెద్దుద్యోగం అన్నయ్యకే రావాల్సింది" అంది.

ఆ మాట నేనైతే అనగలిగేదాన్నా? ఆమె మంచి మనసు చూసి నాకు మళ్లీ అసూయే కలిగింది.