శుక్రవారం నిప్పు

మద్దూరు దగ్గరి మా పల్లెలో ఒక్క కొత్త మనిషి కనబడితే చాలు, ఊరంతా ఆరా తీసేది. ఎవరి చుట్టం, ఏం పని మీద వచ్చాడు, అన్నం తిన్నాడా లేదా. అట్లాంటి ఊరి నుంచి కోడలినై సిద్దిపేటకు వచ్చిపడ్డాను. బస్సులు ఆగే చోటే మా అత్తగారిల్లు. పొద్దున్నే గడప కడుగుదామని తలుపు తీస్తే వాకిట్లో జాతర.

పాల కుండలవాళ్లు, చీరల మూటలతో నేతవాళ్లు, కచేరీకి వాయిదాలకొచ్చే రైతులు, రూమీ టోపీల గుమాస్తాలు, చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచో బండ్లెక్కో ఇక్కడికే వచ్చేవి. కొందరు ఇక్కణ్ణుంచి బస్సెక్కి సికింద్రాబాదు పోయేవాళ్లు. పొద్దుగూకేసరికి ఊరు ఖాళీ. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఈగలు పోతాయి మూసుకోమని మా అత్త వెక్కిరించేది. ఏం చేయను, అంత వింతగా ఉండేది నాకు. కొంచెం భయం కూడా వేసేది. ఇంతమంది రోజూ మా గడప ముందు నుంచే పోతారు, ఒక్కరూ తల తిప్పి చూడరు. మనకేదన్నా అయితే పలికేదెవరు అనుకునేదాన్ని.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా ఉండేది. దాంట్లో బొగ్గు పోసి, నిప్పు వేసి, క్లీనరు చక్రం తిప్పి గాలి కొడితే, పుట్టిన పొగతో ఇంజను నడిచేది. మా అత్తకు ఆ పీపా అంటే భయభక్తులు. నిప్పు తిని మనుషులను మోసేది దేవత కాక మరేమిటనేది. దాని ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు విడిచేది.

ఆ ఏడు మా ఆడబిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒక గురువారం నొప్పులు మొదలయ్యాయి. తెల్లవారేసరికి మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డ అడ్డం తిరిగింది, సికింద్రాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోకపోతే తల్లి కూడా దక్కదంది. మంచంతోనే మోసుకుపోయి బస్సులో పడుకోబెట్టాం. అందరూ జాగ ఇచ్చి వెనక్కి జరిగారు.

రాజుకున్న నిప్పు మీద ఇంకాస్త బొగ్గు పోయడానికి క్లీనరు పీపా మూత తీశాడు. అంతలో మా అత్త బెల్లం నీళ్లలో వేపమండలు వేసి బిందెడు పట్టుకొచ్చింది. దేవతకు శాక పోస్తే దారి కాస్తుందని ఆమె నమ్మకం. పోచమ్మ గుడి ముందర పోసినట్టు నేల మీద పోసినా బాగుండేది. సరాసరి పీపాలోకే పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది. నిప్పు చచ్చింది.

డ్రైవరు తల పట్టుకున్నాడు. తడిసిన బొగ్గంతా తోడేసి, కొత్తది పోసి, అగ్గిపుల్లతో రాజేస్తే మధ్యాహ్నం అవుతుందన్నాడు. కణకణలాడే నిప్పులు గంపెడు దొరికితే చాలు, వెంటనే కదలొచ్చన్నాడు. మా పొయ్యిలో ఉన్నదంతా ఎత్తి తెచ్చాను. పీపా అడుగు కూడా నిండలేదు. అత్త అక్కడే కూలబడింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట పొయ్యిలో నిప్పు గడప దాటితే ఇంటి లక్ష్మి దాటినట్టే. కిందటి శుక్రవారం పక్కింటామె కుండపెంకు పట్టుకుని నిప్పుకొస్తే, ఇదే అత్త మొహం మీద లేదు పొమ్మంది.

బస్సులోవాళ్లు ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. ఎవరి దారి వాళ్లు చూసుకుంటున్నారనుకున్నాను. కాని వాళ్లు ఇళ్ల వైపు పోయారు. వాయిదా ఉన్న రైతు, మూట దింపిన నేతాయన, టోపీ గుమాస్తా గడపగడపకూ నిలబడి నిప్పు అడుగుతున్నారు. అందరికంటే ముందు బయటికొచ్చింది ఆ పక్కింటామే. పెంకు నిండా ఎర్రటి నిప్పులు. అత్త తల ఎత్తలేకపోయింది.

"తీస్కో అక్కా," అందామె. "శుక్రారం మల్లొస్తది."

ఆమె వెనకే వీధి వీధంతా కదిలింది. పెంకులు, మూకుళ్లు, రొట్టెల పెనాలు. చాయ్ హోటలువాళ్లు పొయ్యి ఊడ్చి తెచ్చారు. గుమాస్తా షేర్వానీ చేతులు మడిచి, మీసాలకు బూడిద అంటుతున్నా ఊదుతూనే ఉన్నాడు. చక్రం తిప్పడానికి నువ్వా నేనా అని వంతులు పడ్డారు. పేరు కూడా తెలియని మనుషులు, మా ఆడబిడ్డ తమ ఇంటి పిల్లయినట్టు చెమటలు కక్కుతున్నారు. ఇట్లాంటి ఊళ్లోనా నేను భయపడుతూ బతికింది అనిపించింది.

బస్సు కదిలింది. మా మామ, మంత్రసాని వెంట పోయారు. డ్రైవరు మా అత్తను మాత్రం ఎక్కనివ్వలేదు.

మర్నాడు సాయంత్రం బస్సు దాని చోటికి పోకుండా మా ఇంటి ముందే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి వంగాడు.

"అవ్వా, ఆడిపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరు మంచిగున్నరు. ఇగ మా బస్సుకు నీళ్లు తాపకు."

అత్త నవ్వబోయి భోరుమని ఏడ్చింది. ఆ తర్వాత రోజూ మా గడప ముందు నుంచి పోయేవాళ్లలో పిల్ల ఎట్లుందని అడగనివాళ్లు లేరు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. పొయ్యి దగ్గర చప్పుడైతే లేచి చూశాను. అత్త నిప్పులు పెంకులోకి ఎత్తుతోంది. ఎవరడిగారన్నాను. ఎవరూ అడగలేదంది. ఆ పెంకు తీసుకుపోయి గడప అవతల పెట్టి, బస్సు కదిలేదాకా దాని పక్కనే కూర్చుంది.