నూకమ్మ ఇచ్చిన మాత్ర

రాయపూర్ దగ్గరి ఉక్కు ఊళ్లో, వైశాలి నగర్‌లోని ఆ సందులో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు నూకమ్మ గుమ్మం తొక్కేవారు. డాక్టరు మాట ఆ తర్వాతే. ఆమె భర్త పరంధామయ్య ఉక్కు ప్లాంటులో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గుండె జబ్బు మనిషి. మెడికల్ బుక్ మీద ప్లాంటు ఆసుపత్రి ఆయనకు నెలనెలా మందులిస్తుంది. వాటిలో మిగిలినవి నూకమ్మ బిస్కట్ల డబ్బాలో దాచి, అడిగినవాళ్లకు పంచేది. చదివింది అయిదో తరగతి, ధైర్యం మాత్రం పెద్ద డాక్టర్లకు కూడా ఉండదు.

వాళ్ల వెనక గదిలో అద్దెకుండే మనోజ్‌కుమార్ ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. పుట్టింది ఆ పక్కనే నందిని గనుల ఊళ్లో. తల్లి లేదు, నూకమ్మనే అత్తా అని పిలుస్తాడు. ఇరవై ఏడేళ్లకే అతనికి అప్పుడప్పుడు ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. రెండుసార్లు ఆమె మొగుడి గుండె మాత్ర ఇచ్చింది. రెండుసార్లూ గంటలో తగ్గింది.

"గుండె మందు గుండెకి కాకపోతే మోకాలికి పనిచేస్తాదేటి?" అని అందరి దగ్గరా గొప్పగా చెప్పుకుంది.

మూడోసారి, ఆదివారం పొద్దున, మళ్లీ దడ మొదలైంది. మాత్ర వేసింది. అరగంటైనా తగ్గకపోతే ఇంకోటి వేసింది. ఇంకాసేపటికి మనోజ్ పెదవులు నల్లబడ్డాయి. ఒళ్లంతా చెమట, కళ్లు తేలేశాడు. నూకమ్మ అతన్ని పక్కింటి ఆటోలో వేసుకుని దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తింది.

మిషన్ మీద గుండె వేగం నిమిషానికి రెండు వందల ముప్ఫై దాటింది. ఏ మందు ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో తేలాలి. డాక్టరమ్మ మనోజ్ మీదికి వంగి హిందీలో గట్టిగా అడిగింది, ఏదైనా మాత్ర వేసుకున్నావా అని.

మనోజ్ కళ్లు ఒక్కసారి నూకమ్మ వైపు తిరిగాయి. తల అడ్డంగా ఊపాడు.

ఎందుకలా ఊపాడో ఆమెకు వెంటనే అర్థమైంది. బుక్ మీది మందులు బయటివాళ్లకిస్తే బుక్ రద్దు చేస్తారని రిటైరైనవాళ్లంతా భయపడతారు. బుక్ పోతే పరంధామయ్య గతి? పోలీసులొస్తే? వాడే లేదన్నాడు కదా అనుకుంది, ఆ క్షణం ప్రాణం తేలికపడింది కూడా. ఆ తేలికను చూసుకుని ఆమె హడలిపోయింది.

"మైనే దియా బేటీ! నేనే ఇచ్చీసినాను. రెండు!" అంటూ చెంగు ముడిలోంచి మాత్రల అట్ట తీసి అందించింది.

డాక్టరమ్మ పేరు చదివింది, ముఖం మారిపోయింది. నర్సుకు ఏదో అరిచి నూకమ్మను బయటికి పంపించేసింది. తలుపు అవతల కరెంటు షాక్ ఇస్తున్నారని ఎవరో అన్నారు. పైడితల్లమ్మకు మొక్కుకోబోతే నూకమ్మకు మొక్కు మాటలే గుర్తు రాలేదు.

ఎంతోసేపటికి డాక్టరమ్మ వచ్చి, బతికాడని ముందు చెప్పి, తర్వాత తిడుతూ జరిగింది వివరించింది. గుండెలో కరెంటు కిందికి దిగడానికి మామూలుగా ఒకటే దారి, దానికో గేటు. ఈ అబ్బాయికి పుట్టుకతోనే గేటు లేని దొంగదారి ఇంకొకటి ఉంది. వెనకటి రెండుసార్లు కరెంటు ఈ రెండు దారుల్లో గుండ్రంగా తిరిగింది కాబట్టి, మీ మాత్ర అసలు దారిని మూయగానే ఆగిపోయింది. ఈరోజు గుండె పైగదులే అడ్డదిడ్డంగా కొట్టుకున్నాయి. మాత్ర గేటును బిగించింది, కరెంటంతా దొంగదారిన పడింది. ఆ దారిని నెమ్మది చేసే మందులు వేరు, ఇకమీద అవే ఇస్తాం. తర్వాత రాయపూర్ పంపి, గుండెలోకి దూర్చే తీగతో ఆ దారిని కాల్పిస్తాం.

లోపలికి రమ్మన్నారు. మనోజ్ తెల్లగా పాలిపోయి ఉన్నాడు. ఆమెను చూసి కష్టంమీద పెదవులు కదిపాడు.

"క్యోం బోల్ దియా అత్తా? ఎందుకు చెప్పీసినావు? మావయ్య బుక్ లాగీసుకుంటారు కదా."

నూకమ్మ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని భోరుమంది. ఒక్క క్షణం తనూ ఊరుకుందామనుకున్న సంగతి మాత్రం వాడికి చెప్పలేకపోయింది.