రేగడి మీద విమానాల బాట

మా డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న నల్లపాడు స్టేషన్లో తెలిసింది. బండి కోసం నిలబడి ఉంటే మా ఊరి మిరపకాయల వ్యాపారి ఒకాయన కనబడి, "మీ డ్రిల్లు మాస్టారు పోయాడండీ, శుక్రవారం నాడు. చర్చి దొడ్లోనే పెట్టారు" అని చెప్పి టీకి వెళ్లిపోయాడు. నా బండి వచ్చింది, వెళ్లింది. నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయన గురించి నాలుగు ముక్కలు నేనే రాయాలి. ఆయనకు జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది.

వినుకొండ వైపు మా ఊరు. ఊరి హైస్కూల్లోనే నేను తెలుగు పంతులుగా చేరాను. అప్పటికే ఆయన అక్కడ డ్రిల్లు చెప్పేవారు. పెద్ద యుద్ధంలో బర్మా సరిహద్దు దాకా వెళ్లి, విమానాలు దిగే బాటలు వేసే దళంలో పనిచేసి వచ్చిన మనిషి. కొత్త చోట ఎక్కడ నిలబడినా బూటు మడమతో నేలను రెండుసార్లు తట్టేవారు. "నేలను నమ్మకూడదు పంతులుగారూ, అడగాలి" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. ఆయన ఉద్యోగం పర్మనెంటు కాదు. ఏటా జూన్‌లో బడి నడిపే మా కరస్పాండెంటు గారు సంతకం పెడితేనే ఆ ఏడాది జీతం. ఇంట్లో ఐదుగురు తినేది దాని మీదే.

అరవై రెండులో ఎన్నికలొచ్చాయి. మా కరస్పాండెంటు గారి బావమరిది నిలబడ్డాడు. తనను గెలిపిస్తే మా ఊరి చేలల్లో మిలిటరీ విమానాల స్థావరం పెట్టిస్తానని, ఢిల్లీలో మాట తీసుకున్నానని చెప్పాడు. ఇంకేముంది, ఊరికి పూనకం వచ్చింది. "రోడ్డెమ్మట రొట్టెల కొట్టు పెడతాన్రా. సోల్జర్లు తినేది రొట్టెలే గదా" అని మా నాన్న లెక్కలు వేశాడు. ఆయన జన్మలో రొట్టె కాల్చి ఎరగడు. ఎస్సెల్సీ అయి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న మా తమ్ముడు, ఉద్యోగం ఖాయమనుకుని రోజూ పొద్దున్నే చేలగట్ల మీద పరుగు మొదలుపెట్టాడు. సభలో బావమరిదికి చదివే స్వాగత పత్రం రాసింది నేను. "గగన దుర్గం" అన్న మాట నాదే. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆఖరి సభలోనే రైతుల చేత భూములిస్తామని వేలిముద్రలు వేయించాలని ఏర్పాటు. అయితే ఎదుటి పార్టీవాళ్లు, రేగడి మీద విమానాలేంటని ఊరంతా ఎగతాళి చేస్తున్నారు. కరస్పాండెంటు గారు మా ఇద్దర్నీ పిలిపించారు.

"మాస్టారూ, రేపు మెడల్సు పెట్టుకుని రండి. ఈ నేల బేషుగ్గా ఉంటదని ఒక్క మాట చెప్పండి. విమానాల బాటలు చూసొచ్చినోరు మీరొక్కరేగా."

"రేగడండీ అది. వానకి ఉబ్బుద్ది, ఎండకి పగులుద్ది."

"నేనడిగింది మట్టి గురించి కాదు మాస్టారూ. జూన్ ఎంతో దూరం లేదు."

బయటికొచ్చాక నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఒక్క మాటేగా మాస్టారూ. మా తమ్ముడి బతుకు చూడండి."

"నా మాట మీద పొలాలొదులుకుంటారయ్యా వాళ్లు" అన్నారాయన చెయ్యి విడిపించుకుని.

పత్తికట్టె పీకేసిన చేలో సభ. ఆయన మెడల్సు పెట్టుకునే వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మైకు దగ్గరికి వెళ్లలేదు. వేదిక దిగి, ముందు వరసలో కూర్చున్న రైతుల కాళ్ల దగ్గరున్న నెర్రెలోకి చేతిలోని బెత్తం వదిలారు. అది పిడి దాకా దిగిపోయింది.

"ఇది మాఘమాసం. రోహిణికార్తెలో వచ్చి చూడండి ఇదెంతవుద్దో" అన్నారు గట్టిగా. "మిలిటరీ వస్తే నాకంటే సంతోషపడేవోడు లేడు. వాళ్ల ఇంజనీరొచ్చి చూసిందాకా మాత్రం వేలిముద్రలెయ్యమాకండి."

వెనకనుంచి ఎవడో అరిచాడు. "మిలిటరీ కూడు తిని మిలిటరీ వద్దంటాడేందిరా! దేశద్రోహి!" ఒక మట్టిగడ్డ వచ్చి ఆయన భుజానికి తగిలింది. ఆయన కదల్లేదు. ఇంకోటి వచ్చింది. నేను వేదిక మీదే ఉన్నాను, స్వాగత పత్రం పట్టుకుని. ఆగండిరా అంటే ఆగేవాళ్లేమో, సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. నేను నోరు విప్పలేదు.

ఆ రోజు చాలామంది వేలిముద్రలు వేశారు. మా నాన్న మాత్రం ఇంకు పూసిన వేలిని కాగితం మీద పెట్టకుండా పంచెకి తుడుచుకుని వచ్చేశాడు.

బావమరిది గెలిచాడు. ఎవరో సర్వేవాళ్లు వచ్చి హద్దులకి ఎర్రజెండాలు పాతిపోయారు. ముద్రలు వేసినవాళ్లు ఆ ఏడు నారు పొయ్యలేదు, చేలు బీడుపడ్డాయి. మా మిరప పండింది, ఆ పంటతోనే తమ్ముడు గుంటూరులో ఐ.టి.ఐ. చదివాడు. చైనా యుద్ధం వచ్చి పోయింది. ఆ తర్వాత తెలిసింది, స్థావరం ఇంకో జిల్లాకి పోయిందని. అక్కడా రేగడేనట!

ఆయన దగ్గరికి పరిగెత్తి అడిగాను. నాతో మాట్లాడటం ఏనాడూ మానలేదు ఆయన. అది ఆయన గొప్పతనం, నాది కాదు.

"మట్టి సంగతే నాకు తెలుసు పంతులుగారూ. మన ఓట్లు పడిపోయినయ్యి గదా. ఇంకా పడాల్సిన ఓట్లున్న చోటికి పోయింది. లోతుగా తవ్వి కంకర పోస్తారంట. ఖర్చు పెడితే రేగడైనా నిలుస్తది. ఆ ఖర్చులో సగం పెడితే మంచుకొండల్లో మనోళ్లకి బూట్లొచ్చేయి."

ఇవన్నీ తర్వాతి సంగతులు. నన్ను వదలనిది ఎన్నికలైన జూన్‌లో బడి తెరిచిన రోజు. ఆయన కాగితం మీద సంతకం పడలేదు. "డ్రిల్లు కూడా మీరే చూసుకోండి పంతులుగారూ" అన్నారు కరస్పాండెంటు గారు. సరేనన్నాను.

పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ఆయన నోట విన్న గుర్తుతో "అటెన్షన్" అన్నాను. రెండువందలమంది బిగుసుకుపోయారు. తర్వాతి మాట నా గొంతులోంచి రాలేదు. ఎండ చురుక్కుమంటోంది. పిడికిళ్లు బిగించి, చెమటలు కారుతుంటే, వాళ్లు నన్ను దాటి రోడ్డు వైపు చూస్తున్నారు.

తిరిగి చూశాను. ఆయన భుజాన పార పెట్టుకుని కూలికి పోతున్నారు. కంచె దగ్గర ఆగారు. పిల్లల్ని చూశారు.

"స్టాండటీజ్!"

అన్ని కాళ్లూ ఒక్కసారిగా కదిలాయి. ఆయన పార సర్దుకుని మిరపచేల వైపు వెళ్లిపోయారు. నేను మాత్రం అటెన్షన్‌లోనే నిలబడి ఉన్నాను.