రోమ్‌లో మా నాయనమ్మ ఒప్పుకున్న ఉద్యోగం

ఇప్పటి పిల్లలకి ఫోన్ తీస్తే ఆట. ఆ రోజుల్లో మాకు ఆటంటే గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద మేడమెట్లెక్కితే వచ్చే నెట్ సెంటర్, అందులో ఒక కుర్చీ, ఆ కుర్చీ ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడే ఓపిక. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చింది. దాంతోపాటే రోమా సామ్రాజ్యమూ వచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడే ఆట అది. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసేసి, ఏమీ తోచక, ఆ వేసవిలో నేను రోమ్‌కి వెళ్లాను. (ఇంగ్లిష్ పేపరు ఎలా రాశావని నన్ను అడగని చోటు అదొక్కటే.)

నన్ను తీసుకెళ్లినవాడు బావ. వరసకి నాకేమీ కాడు. మా ఊళ్లో మగవాడు రెండోసారి కనపడితే బావ అయిపోతాడు, అంతే. వాళ్లది హార్బర్ దగ్గర వేటకెళ్లే కుటుంబం. కాలేజీ మధ్యలో మానేసి వాళ్ల నాన్నతో బోటెక్కేశాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్యలో సముద్రంలో వేట ఆపేస్తారు. ఆ నెలన్నరా బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి బావకి అవే వేసవి సెలవులు. నిషేధం ఎత్తేశారంటే మళ్లీ రోజుల తరబడి నీళ్లమీదే. ఈలోగా వాడికి ఒక్కటే కోరిక. ఆటలో జోడీల పోటీ ఒక్కటంటే ఒక్కటి గెలవాలి. గెలిస్తే పేరు పక్కన చిన్న ఆకుల కిరీటం పడుతుంది, ఇక ఎప్పటికీ పోదు. "సముద్రంలో మనల్ని సూసీవోడెవుడున్నాడు బావా? ఇక్కడైతే పెపంచమంతా సూత్తాది" అన్నాడు.

ఆటలో చేరాలంటే ముందు నువ్వెవరో తేల్చుకోవాలి. సైనికుడు, పూజారి, వర్తకుడు, గ్లాడియేటర్, వైద్యుడు. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదు. బావ అప్పటికే గ్లాడియేటర్, అంటే మైదానంలో జనం చూస్తుండగా కత్తియుద్ధం చేసేవాడు. "ఒకడు కొట్టాల, ఒకడు కట్టాల. నువ్వు వైద్యుడివైపో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంత దూరం రోమ్‌కి వెళ్లి గాయాలకి గుడ్డలు చుట్టడమా? ఆలోచించి చెప్తానని, ఆ ఐదు పేర్లూ కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చాను.

ఆ కాగితం నాయనమ్మ చేతిలో పడింది. నాన్నకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, అందుకని ఇంట్లో పాలన ఆవిడదే. చర్చిలో మొదటి బెంచీ కూడా ఆవిడదే. రోమా సామ్రాజ్యం గురించి ఆవిడకి ఉన్నన్ని అభిప్రాయాలు ఆ ఆట తయారుచేసినవాళ్లకి కూడా ఉండవు. కళ్లజోడు తగిలించుకుని ఒక్కో దరఖాస్తూ పరిశీలించింది. "సైనికుడా? పెబువు బట్టలు సిలువ కిందే సీట్లేసి పంచేసుకున్నారు. కాదు. పూజారా? ఏ దేవుడికిరా? అదీ కాదు." వర్తకుడి దగ్గర కాస్త ఆగింది. "గుళ్లో పెబువు సేత బల్లలు తిరగదోయించుకున్నోలు. వొద్దు." గ్లాడియేటర్ అంటే ఏమిటో నేనే వివరించాల్సి వచ్చింది. మైదానం అనేసరికి ఆవిడ ముఖం మాడిపోయింది. "మనోల్ని సింహాలకేసింది అక్కడే కదేటి!" ఇక మిగిలింది వైద్యుడు. "ఇది మంచి పని. ఇదైతే సెయ్యి. లేపోతే నెట్టూ లేదు గిట్టూ లేదు" అంది.

"సరే నాయనమ్మా" అన్నాను. మర్నాడు వెళ్లి గ్లాడియేటర్‌నయ్యాను.

బావ తల పట్టుకున్నాడు. "ఏటి బావా ఇది? ఇద్దరం వలే లాగితే సుక్కానెవుడట్టుకుంటాడు?" వాడన్నట్టే అయింది. పదకొండు పోటీలు ఆడాం, పదకొండూ ఓడాం. ఇద్దరం గొప్పగా కొట్టేవాళ్లం, ఆ తర్వాత ఇద్దరం గొప్పగా పడిపోయేవాళ్లం. ఇంటికెళ్తే నాయనమ్మ "ఈయేల ఎంతమందికి నయం సేసినావురా?" అనేది. "ముగ్గురికి" అనేవాణ్ణి. నమ్మకం కలగాలని బావకి తగిలిన దెబ్బల వివరాలు కూడా చెప్పేవాణ్ణి. దాంతో సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వాడు కూడా చేరిపోయాడు. "ఆ వేటకెళ్లే అబ్బాయికి భుజం మీద దెబ్బ తగ్గించు తండ్రీ" అని ఆవిడ కళ్లు మూసుకుని అడుగుతుంటే, నేను కళ్లు తెరుచుకుని గోడమీద బల్లిని చూసేవాణ్ణి. నిజంగా సిగ్గేసేది. అయినా మర్నాడు మళ్లీ ముగ్గురే.

ఇంకో రెండు రోజుల్లో నిషేధం ఎత్తేస్తారనగా, శనివారం మధ్యాహ్నం ఆఖరి పోటీ. మర్నాటినుంచి బావ బోటు పనుల్లో పడాలి. "ఈ రోజు బావకి చావో రేవో" అని పొద్దున్న ఇంట్లో నోరు జారాను. పోటీ మొదలవబోతుండగా మెట్లమీద గొడుగు టకటకలాడింది. నాయనమ్మ! సెంటర్‌లో ఉన్న కుర్రాళ్లంతా లేచి నిలబడ్డారు, ఎందుకో వాళ్లకే తెలీదు. ఆవిడ తిన్నగా వచ్చి మా కుర్చీల వెనక నిలబడింది. "నువ్వేనా బాబూ ఆ దెబ్బల అబ్బాయివి? మావోడు నిన్ను బాగా సూత్తన్నాడా?"

బావ నా ముఖం చూశాడు. వాడికి విషయమంతా అర్థమైపోయింది. "ఈడు లేపోతే నాను ఏనాడో సచ్చిపోదును మామ్మా" అన్నాడు.

ఆ ఆటలో ప్రతివాడి సంచిలోనూ ఒక్క కట్టు ఉంటుంది. ఎవరైనా ఎవరికైనా కట్టొచ్చు. కాకపోతే కత్తి కింద పెట్టి, ఐదు లెక్కపెట్టేంతసేపు కదలకుండా నిలబడాలి. గ్లాడియేటర్ అన్నవాడు ఎవడూ ఆ పని చెయ్యడు, పరువు తక్కువ. పోటీ మొదలైంది. అవతలి జోడీలో ఒకణ్ణి బావ పడేశాడు. రెండోవాడు బావని కుమ్మేశాడు. బావ ప్రాణం తెరమీద చీమ తలకాయంత మిగిలింది. నేను వెళ్లి ఆ రెండోవాడి మీద పడొచ్చు. (పడితే ఏమయ్యేదో మా పదకొండు పోటీలే చెప్తాయి.) అంతలో వెనకనుంచి "అయ్యో, అబ్బాయి పడిపోతన్నాడు, సూడరా!" అని గొంతు వినిపించింది. కత్తి కింద పెట్టేశాను. ఒకటి, రెండు, మూడు. అవతలివాడు బావని వదిలేసి నా మీదకొచ్చాడు. రాయిలా నిలబడ్డ గ్లాడియేటర్ని వాడు జన్మలో చూసి ఉండడు, తీరిగ్గా పొడిచాడు. ఐదో అంకెకి బావకి కట్టు పడింది, నేను చచ్చిపోయాను. బావ లేచి, నన్ను పొడవడంలో మునిగి ఉన్నవాణ్ణి వెనకనుంచి ముగించాడు. బావ పేరు పక్కన ఆకుల కిరీటం మొలిచింది. జోడీ కాబట్టి చచ్చిన నాక్కూడా ఒకటి పడింది. బావ కళ్లు తుడుచుకుని, ఏసీ గాలి పడటంలేదన్నాడు.

ఇంటికి నడిచొస్తుంటే నాయనమ్మ గొడుగు విప్పింది. తర్వాత "వైద్యుడికి అంత పొడుగు కత్తెందుకురా?" అంది. నేను తలొంచుకున్నాను. గొడుగు నా మీదకి కూడా జరిపి, "ఇంకెప్పుడూ నాకు అబద్దం సెప్పకు. ఆ కత్తి కింద పెట్టినావు సూడు, అది నాను సూసినాను. మీ నాన్నకి సెప్పనులే" అంది.

ఇప్పుడు మధురవాడలో ఒక ఆఫీసులో పదిమందిమీద పెత్తనం చేస్తున్నాను. నాయనమ్మ లేదు, ఆ ఆటా లేదు. ఎప్పుడైనా మాటల్లో వస్తే, ఒకప్పుడు గ్లాడియేటర్‌గా పన్నెండు పోరాటాలు చేశానని మా కుర్రాళ్లకి గొప్పగా చెప్తాను. గెలిచిన ఒక్కదాంట్లో కత్తి కింద పెట్టి అంకెలు లెక్కపెడుతున్నానని మాత్రం చెప్పను. ఆ ఐదు అంకెలసేపు ఉన్నంత మంచివాడిగా నేను మళ్లీ ఎప్పుడూ లేనేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. అదైనా, వెనక ఆవిడ నిలబడి ఉండబట్టే.