ముట్టడికి మనిషొచ్చి పిలవలేదని

నా కోట మా బావ మూలంగానే పడిపోయింది. ఈ మాట మా అక్క ముందు కూడా అంటాను, ఆమె చేతిలో అట్లకాడ లేనప్పుడు.

కోట అంటే కంప్యూటర్ ఆటలోది. దేన్నీ దించుకునే పని లేదు, ఇంటర్నెట్‌లో ఆ పేజీ తెరిస్తే చాలు, లోపల ఒక లోకమే ఉంటుంది. మంత్రగాళ్లు, రాక్షసులు, నిప్పులు కక్కే రెక్కల బల్లులు, దేశదేశాల నుంచి వచ్చి ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునే పనిలేని జనం. కమలాపురంలో నాకు ఎరువుల కొట్టు ఉంది. బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ మీద నాలుగేళ్లపాటు ఈ ఆట ఆడాను. బయట యూరియా బస్తా ఆకారంలో ఉండే నేను ఆటలో సన్నని నడుము, మొనదేలిన చెవులు, వీపు దాకా జుట్టు ఉన్న విలుకాణ్ణి. కోటగోడలో ఒక్క వరుస రాయి లేవాలంటే ఆరు గంటలు ఆగాలి. ఆగి ఆగి, నొక్కి నొక్కి, ఇరవై తొమ్మిది వరుసలు లేపాను. నా చూపుడు వేలు లావెక్కి బొటనవేలికి అన్నలా తయారైంది. ఒకసారి ఒక రైతు వచ్చి పత్తికి పురుగుమందు అడిగితే, "ఉండప్పా, బల్లికి మేతేసి వస్తా" అన్నాను. మా కొట్లో బల్లుల్ని మేపుతున్నారని ఆయన ఈనాటికీ సంతల్లో చెబుతున్నాడు.

మా దండులో ఏడుగురం. అందరం బంధువులం, అందరికీ నలభై దాటింది. దండుకు పెద్దను నేనే, బలం మాత్రం బావది. ఆయన ఉండేది నందికొట్కూరులో, చేసేది మొక్కజొన్న వ్యాపారం. ఆటలో ఆయన కొమ్ముల రాక్షసుడు. అచ్చం ఆయనే, బొమ్మకు కాస్త నవ్వుమొహం ఉంటుంది, అంతే తేడా. ఆయన కింద మూడు వందల మంది రాక్షసులు. వాళ్లు వస్తే నా కోట నిలుస్తుంది, రాకపోతే మట్టే.

ఆయన నాకు మా అక్క పెళ్లినాడే గిట్టలేదు. అలకపాన్పు మీద కూర్చుని చేతిగడియారం అడిగాడు. ఇచ్చాం, దిగాడు. ఆ అలక మాత్రం ఇరవై ఏడేళ్లయినా ఆయన ఒంట్లోంచి దిగలేదు.

మా శత్రువు కడపలో ఉండే ఒక రిటైరైన పశువుల డాక్టరు. జీవితమంతా ఎద్దులకు సూదులు పొడిచిన చెయ్యి ఊరికే ఉంటుందా? ఒక శుక్రవారం నా కోట మీద ముట్టడి ప్రకటించాడు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. రెండు రోజుల ముందు చెప్పాలన్నది ఆ ఆటలో నియమం. నేను వెంటనే మా దండు బోర్డు మీద ఎర్రని అక్షరాలతో రాశాను: ఆదివారం నాలుగు గంటలకు అందరూ కోట దగ్గరికి రావాలి. రాసి, పని అయిపోయిందని టీ తాగాను. నా జీవితంలో అంత ఖరీదైన టీ మళ్లీ తాగలేదు.

ఆదివారం కొట్టు షట్టరు సగం దించి కూర్చున్నాను. నాలుగు కొట్టేసరికి డాక్టరు దండు తొమ్మిది మందీ వచ్చేశారు. మావాళ్లు ఇద్దరొచ్చారు, అందులో ఒకడు దారి తప్పి చెరువులో పడ్డాడు. మా బావ రాక్షసులు మూడు వందల మందీ పక్క గుట్ట మీద వరసగా నిలబడి ఉన్నారు, తిరునాళ్ల చూడ్డానికి వచ్చినట్టు. ఆయన పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. అంటే మనిషి ఆటలోనే ఉన్నాడు. ఫోన్ చేశాను.

"బావా, యాడుండావు?"

"ఇంట్లో ఉండా. ఏం?"

"ఏమంటావేంది! గోడ పడిపోతాండాది!"

"చూస్తాండాలే. శానా బాగా పడతాండాది."

"మరి దిగి రావా?"

"నన్నెవురు పిల్చినారప్పా?"

"బోర్డులో రాసినా గదా!"

"బోర్డులో రాస్తే పిల్చినట్లా? ఈడ ఉమ్మేయరాదని బస్టాండులో గూడా రాసినారు. అది నన్ను పిల్చినట్లేనా? పుట్టెంటికల పిలుపుకే రెండు బస్సులు మారి ఇంటికొస్తారు. నువ్వు యుద్ధం పెట్టుకొని, మనిషి రాకపోతివి, ఒక ఫోన్ గూడా చేయకపోతివి. ఆ డాక్టరును జూడు. కారేసుకొని ఒక్కొక్కరింటికీ పోయి, పండ్లు తాంబూలం పెట్టి పిల్చినాడంట. అందుకే తొమ్మిదిమందీ వచ్చినారు."

వెనక నుంచి మా అక్క గొంతు: "నన్ను గూడా పిల్చలేదు, అడుగు."

"యుద్ధంలో నువ్వేం జేస్తావక్కా?"

"ఏం జేస్తే నీకెందుకురా? పిలుపు పిలుపే."

ఈ పంచాయితీ నడుస్తుండగానే ఇరవై తొమ్మిది వరుసలూ కూలాయి. నాలుగేళ్లు నా చేత్తో మేపిన బల్లి ఆ డాక్టరు భుజం మీద వాలింది. కొత్తవాడి దగ్గర సూది ఉందని దానికీ తెలిసిపోయినట్టుంది. గుట్ట మీది మా బావ చివరిదాకా చూసి, అందరికీ కనబడేలా ఒక్క మాట రాసి వెళ్లిపోయాడు: పాపం.

కోట పోగొట్టుకున్నవాడికి ఆ ఆట ఒకే ఒక్క అవకాశం ఇస్తుంది. రెండు వారాల్లోపు ఎదురుదాడి చేసి గెలిస్తే కోట వెనక్కొస్తుంది, లేకపోతే శాశ్వతంగా పోయినట్టే. నేనూ ఎదురుదాడి ప్రకటించాను, ఈసారి పిలుపులో లోపం ఉండకూడదనుకున్నాను. ఆడవాళ్లకు బొట్టు ఆడవాళ్లే పెట్టాలి కాబట్టి మా ఆవిడను కూడా బయల్దేరదీశాను. అరటిపండ్లు, తమలపాకులు, కుంకుమభరిణె సంచిలో పెట్టుకుని, మూడు బస్సులు మారి, ఎండకు అప్పడాల్లా వేగుతూ నందికొట్కూరు చేరాం. దారి పొడుగునా మా ఆవిడ మాట్లాడింది ఒక్కసారే, కర్నూలు బస్టాండులో: "మా నాయనకు తెలిసింటే నిన్ను కోట లేకుండానే ముట్టడించి ఉండేటోడు."

మా అక్క నుదుట బొట్టు పెట్టి, పండ్లు చేతిలో పెట్టి, మా ఆవిడ పళ్లబిగువున అంది: "వదినా, వచ్చే ఆదివారం నాలుగ్గంటలకు మాది ఎదురుదాడి. మీరిద్దరూ తప్పకుండా రావల్ల."

మా బావ తాంబూలం కళ్లకద్దుకున్నాడు. "శానా సంతోషం బామ్మర్దీ. మర్యాదంటే ఇదీ. అయితే ఒక మాట." వేలు చూపించాడు. అలమర మీద ఇంకో పళ్లెం ఉంది. అందులో ఆపిల్ పండ్లు.

"డాక్టరు నిన్ననే వచ్చి పిల్చిపోయినాడు. నీ కోటకు కావలి రమ్మన్నాడు."

"బావా, ఆయన నా శత్రువు!"

"ఒకే ముహూర్తానికి రెండు పెండ్లిండ్లు తగుల్తే ఏం జేస్తాం? ముందు పిల్చినోల్ల దానికి మొగోల్లం పోతాం, రెండోదానికి ఆడోల్లను పంపిస్తాం. నీ పక్కకు మీ అక్క వస్తాదిలే."

నవ్వుతున్నాడనుకుని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. ఆ క్షణంలో ఆపిల్‌తో కొట్టి చంపిన మొదటి మనిషిగా చరిత్రలో నిలిచిపోయేవాణ్ణి, మా ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

మా అక్క మాట తప్పలేదు. ఆదివారం తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, మూడున్నరకు ఆటలో కొత్తగా పుట్టి, నాలుగు గంటలకల్లా చేతిలో కట్టెపుల్లతో నా పక్కన నిలబడింది. కోట వాకిట్లో మూడు వందల రాక్షసుల ముందు మా బావ. ఆగమని నేను అరుస్తున్నా వినకుండా ఆమె నేరుగా వాకిలి మీదికి నడిచింది. మా బావ గద ఒక్కసారి లేచి దిగింది. మా అక్క పొగైపోయింది. ఆమె తర్వాత మేము, అయిదు నిమిషాల్లో. కోట శాశ్వతంగా డాక్టరుకు పోయింది.

మంగళవారం పొద్దున ఫోన్ మోగింది.

"బామ్మర్దీ, మీ అక్క మాట్లాడదు, పొయ్యి ముట్టీదు. బొట్టు పెట్టించుకొని పుట్టింటోల్ల పక్కన నిలబడితే, ఊరోల్లందరి ముందర కొట్టినానంట. రెండు దినాలుగా హోటలు ఇడ్లీలు తింటాండా. నువ్వొచ్చి ఒక మాట జెప్పు."

నాలుగేళ్ల రాళ్లూ, బల్లీ, మూడు బస్సులూ నా కళ్ల ముందు తిరిగాయి.

"ఎవురు పిల్చినారు బావా నన్ను?"

"ఇప్పుడు పిలుస్తాండా గదా!"

"ఫోన్లోనా?" అని పెట్టేశాను.

మా ఆవిడకు చెప్పి ఉంచాను. నందికొట్కూరు నుంచి ఎవరైనా వస్తే ముందు కిటికీలోంచి చేతులు చూడమని. తమలపాకులు లేకపోతే తలుపు తీయవద్దని. ఆపిల్ పండ్లు తెస్తే అసలే తీయవద్దని.